కాయితం తిరగరాసే ముందు లెక్క చూద్దాం



మా నాయిన పోయినంక ఇనుప సందుక తెరిస్తే పట్టా పాసుబుక్కు కింద మూడు ప్రోనోట్ల జిరాక్సులు దొరికినయి. మొదటిది లక్ష రూపాయలది, నూటికి రెండు రూపాయల మిత్తి. మూడేండ్లకు రాసిన రెండోది 1,72,000. ఇంకో మూడేండ్లకు మూడోది, 2,95,840. మూడింట్లో ఒకటే మాట: "ఈ దినము నగదుగా పుచ్చుకున్నాను." నాయిన చేతిల పడ్డది ఆ మొదటి లక్ష ఒక్కటే, అన్న దుబాయ్ వీసాకు. మిగిలిన 1,95,840 ఎవ్వరూ ఇయ్యలేదు, ఎవ్వరూ పుచ్చుకోలేదు. కాయితం మీదనే పుట్టి కాయితం మీదనే పెరిగినయి.

నాలుగో కాయితం ఉంది. అది నా సంతకంది. దినాల నాడు అప్పిచ్చినాయన పదిమంది ముందర అడిగితే నాయిన పరువు పోతదని పెట్టిన. తండ్రి అప్పుకు కొడుకు బాధ్యత ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకేనని, సంతకం పెట్టినంక అప్పు నాదైపోతదని తర్వాత తెలిసింది.

అసలు మూడేండ్లకోసారి కొత్త కాయితం ఎందుకు? ప్రోనోటు మీద కోర్టుకు పోవాలంటే 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం గడువు మూడేండ్లే. అందుకే మూడేండ్లు నిండే వేళకు ఇచ్చినాయన ఇంటికి పిలిచి, చాయ తాపిచ్చి, కొత్త కాయితం ముందర పెడతడు. పాత మిత్తి అసల్ల కలుస్తది, మిత్తికి మిత్తి మొదలైతది. ఆ చాయ మా ఇంటికి ఒకపారి 72 వేలకు పడ్డది, ఇంకోపారి 1,23,840కి.

దీనికి తొవ్వ ఉంది. గడువు దాటకముందే ఎంతో కొంత కట్టి, పాత ప్రోనోటు వెనక తేదీతోటి జమ రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి ఇంకో మూడేండ్లు గడువు నడుస్తది. ఇచ్చినాయనకు నష్టం లేదు, మిత్తి అసల్ల కలువదు. ఎగ్గొట్టుమని ఎవ్వరికీ చెప్తలేం. తిన్న పైసలు కట్టాలె. తినని పైసలు ఎందుకు కట్టాలె?

ఇది మన ఒక్క మల్యాల మండలం బాధ కాదు. కోరుట్ల దిక్కు బీడీల చాట ముందర కూసున్న అక్కను అడుగుండ్రి, సిరిసిల్లల సాంచాలు నడిపే అన్నను అడుగుండ్రి. 2024ల రెండు లక్షల దాకా పంట రుణం మాఫీ అన్నరు. అది బ్యాంకు అప్పుకు. సేటు కాయితానికి ఆ మాఫీ లేదు.

గల్ఫుకు పోయే తమ్ముండ్లకు ఒక్క మాట. లైసెన్సున్న ఏజెంటు ఫీజు 30 వేలకు మించొద్దు, జీఎస్టీ అదనం. రసీదు ఇయ్యాలె. రెండు లక్షలు మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఇస్తే, మస్కట్‌ల నెల జీతం పడంగనే ముందుగాల 6 వేలు మిత్తికే పోతయి. అసలు కాడికి చెయ్యి పోదు.

మైక్రో ఫైనాన్స్ కిస్తులున్న అక్కలు ఇది యాదుంచుకోండ్రి. రిజర్వు బ్యాంకు 2022ల పెట్టిన రూల్ల ప్రకారం ఇంటి కిస్తులన్నీ కలిపి నెల ఆమ్దానీల సగానికి మించేటట్టు అప్పు ఇయ్యొద్దు. పొద్దున 9 గంటలకు ముందు, సాయంత్రం 6 దాటినంక వసూలుకు ఫోను చెయ్యొద్దు. చుట్టాలనూ పక్కింటోళ్లనూ సతాయించొద్దు. ముందుగాల కట్టేస్తే జుర్మానా లేదు. ఒక కిస్తు కట్టెటందుకు ఇంకో కంపెనీల సంతకం పెట్టుడు మాత్రం ఇయ్యాల్నే బందు పెట్టుండ్రి. దాన్ని మించిన గుంత నేను చూడలేదు.

పుస్తెలు గుంజుకపోతమని బెదిరిస్తే బెదరకుండ్రి. కోర్టు డిక్రీ వచ్చినా వంట గిన్నెలు, పక్కబట్టలు, పుస్తెలు, రైతు ఎడ్లు, నాగలి, విత్తనాలు జప్తు చెయ్యరాదని 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెప్తది. ఖాళీ చెక్కు ఇచ్చినోళ్లు మాత్రం పైలం. చెక్కు బౌన్సయి నోటీసు వస్తే కట్టెటందుకు 15 రోజులే గడువు, కేసు రుజువైతే రెండేండ్ల దాకా జైలు. ఆ నోటీసును చూరుల చెక్కకుండ్రి. ఆడోళ్లకు ఆమ్దానీతో పని లేకుండ సర్కారు ఖర్చుతోటే వకీలును పెడతరు, 15100కు ఫోను చెయ్యాలె.

1978 సెప్టెంబర్‌ల వెట్టికీ దండుగలకూ ఎదురు తిరిగి కూలీలు, రైతులు జగిత్యాలకు నడిచిండ్రు. ఇప్పుడు నడవాల్సింది మల్యాల పంచాయతీ ఆఫీసు దాకనే. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మీ ప్రోనోట్ల జిరాక్సులు, కిస్తు కార్డులు, గిరివి చీటీలు తీసుకొని రండ్రి. ఎవరి కాడ తెచ్చిండ్రని అడగం. పేరున్న కాడ వేలు పెట్టి మూసి చూపెట్టుండ్రి, అంకెలు కనబడితే చాలు. ఎంత తెచ్చిండ్రు, ఎంత కట్టిండ్రు, ఏది ఎన్ని రూపాయల మిత్తి అని ఒక్కొక్క ఇంటికి ఒక్క కాయితం రాద్దాం. మూడు రూపాయల బాకీ ముందుగాల తీరాలె, రూపాయిది వెనుక. మూడు రూపాయలది తీర్చెటందుకు మహిళా సంఘం లోను పనికొస్తదా, బంగారం బ్యాంకుల పెడితే నయమా అనేది అంకెలు ముందర పెట్టుకొనే మాట్లాడుదాం.

అప్పు మాట బయటపడితే బిడ్డ పెండ్లి ఆగుతదని భయపడే ఇండ్లు నాకు తెలుసు. వాళ్లు చీకటి పడ్డంక వచ్చినా సరే, అప్పటిదాక అక్కడనే కూసుంటం.

అద్దాలు మరువకుండ్రి. ప్రోనోటు రాత సన్నగుంటది.

ఇట్లు,
అప్పులున్న ఇండ్లోళ్లం, మల్యాల మండలం