ప్రోటాన్ కిరణానికీ పక్కా తనిఖీ

2019లో చెన్నైలోని అపోలో కేంద్రంతో దేశంలో మొదలైన ప్రోటాన్ క్యాన్సర్ చికిత్స, 2023లో నవీ ముంబయి ఖార్‌ఘర్‌లోని టాటా మెమోరియల్ సెంటర్ ద్వారా ప్రభుత్వ రంగంలోకీ రావడం హర్షణీయమే గాని, యంత్రాలతో పాటు కిరణాల నాణ్యతను నిర్ధారించే వ్యవస్థ కూడా బలపడకపోతే ఆ హర్షం నిలవదు. ఎక్స్‌రే కిరణాలు శరీరాన్ని దాటి వెలుపలికి పోతాయి. ప్రోటాన్ మాత్రం తన శక్తిని అత్యంత తీవ్రంగా బ్రాగ్ శిఖరమనే బిందువు వద్ద, అంటే తాను ఆగిపోయే చోట విడిచిపెడుతుంది కనుక, కణితి వెనుకనున్న వెన్నుపామును కాపాడే ఈ గుణమే లెక్క తప్పితే దానికి ముప్పవుతుంది. సీటీ స్కాన్ ఆధారంగా ప్రోటాన్ చొచ్చుకుపోయే లోతును గణించేటప్పుడు సుమారు 3.5 శాతం అనిశ్చితిని పరిగణనలోకి తీసుకోవడం వాడుక. 20 సెంటీమీటర్ల లోతున అది 7 మిల్లీమీటర్లు. యంత్రంలోని స్వల్ప లోపం దీనికి తోడు కాకూడదు కాబట్టి, ప్రతి ఉదయం తొలి రోగి బల్లపైకి చేరకముందే కిరణపు లోతును, మోతాదును, అది తాకే స్థానాన్ని కొలిచి నమోదు చేయాలి. రోగికి నిర్ణయించిన ప్రణాళికను శరీర కణజాలానికి ప్రతిగా వాడే ఫాంటమ్ అనే నమూనాపై ముందే పరీక్షించాలి. ఈ కొలతలను ఆయా కేంద్రాల సిబ్బందికే విడిచిపెట్టక, అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలో బయటి నిపుణులు నిర్ణీత కాలవ్యవధుల్లో తనిఖీ చేసి ఫలితాలను ప్రకటించాలి. కొత్త కేంద్రాలకు అనుమతినిచ్చే ముందే తగినంతమంది శిక్షణ పొందిన వైద్య భౌతిక శాస్త్రవేత్తల నియామకాన్ని షరతుగా విధించాలి.