సూది మానిన పిదప

నోరులేని ప్రాణిని ఇంట బెంచు ఇల్లాలికి, దానికి రోగము వచ్చెనని గుర్తించుటకంటె ఆ రోగము తగ్గెనని నిశ్చయించుకొనుట కష్టము. బిడ్డ యైనచో దాహమని యడుగును. ఆవు మేత మానినచో పాలచెంబు చెప్పును. పిల్లి యట్లు కాదు. అది తన బాధను దాచుకొనుటలో కడు నేర్పరి. మంచము క్రిందికి జేరి కన్నులు మూసికొనునే కాని కూయదు. అట్టి జంతువునకు మధుమేహము సోకి, కొన్ని వారములు ఇన్సులిన్ సూదులు వేసిన పిమ్మట ఇక సూది యక్కరలేదని వైద్యుడు చెప్పిన నాడు, ఆ యింటివారు చేయవలసిన పని యేమి? ఈ మాసము సోదరీమణులతో మేము ముచ్చటింపదలచిన విషయ మిది.

పిల్లికి మధుమేహమా యని నవ్వువారు కలరు. నవ్వదగిన విషయము కాదు. మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని చక్కగా నెరుగుదురు. రోగి మూత్రమునకు చీమలు మూగుట దీని గుర్తులలో నొకటిగా చరకసంహితలోనే కలదు. పిల్లి విషయమునను ఒక్కొక్కప్పుడు ఇంటివారి కంటబడు తొలి గుర్తు ఇదియే. ఇసుక తొట్టి చుట్టును చీమలు బారులు దీరుట, నీళ్ల గిన్నె మాటిమాటికి ఖాళీ యగుట, కడుపునిండ తినుచునే జంతువు చిక్కిపోవుట - ఈ మూడును కలిసి కనబడినచో ఆలస్యము చేయక పశువైద్యునికి జూపవలెను.

పిల్లులకు వచ్చు మధుమేహము చాలవరకు నడివయసు మనుష్యులకు వచ్చుదానిని బోలినది. శరీరము ఇన్సులిన్ మాటను సరిగా వినదు. దానిని తయారుచేయు క్లోమములోని కణములు పనిభారముచే డస్సిపోవును. రక్తములో చక్కెర పెరిగిన కొలది ఆ చక్కెరయే ఆ కణములకు విషమగును. వెలుపలినుండి ఇన్సులిన్ నిచ్చి చక్కెరను దించినచో వానికి విశ్రాంతి దొరకును. బరువు మోసి మోసి కూలబడిన యెద్దునకు కాడి దించి నాలుగు దినములు మేత వేసినచో మరల లేచి నడచును గదా! కొన్ని పిల్లుల కణము లట్లే తేరుకొని, తమ పని తామే చేసికొనగలవు. అయినను అది తొలినాటి యెద్దు కాదు. చచ్చిన కణములు చచ్చినవే. మిగిలినవానితో సంసారము గడుపవలెను. ఈ యొక్క సంగతి మనసున నిలిపినచో, సూది మానిన పిదప చేయవలసిన పనులన్నిటికిని కారణము తెలియును.

ఇట్లు తేరుకొను పిల్లులు ఎన్ని? కిర్‌స్టెన్ రూంప్, జాకీ రాండ్ అను ఇరువురు స్త్రీలు 55 పిల్లులను గూర్చి 2009లో ఒక పరిశోధన ప్రకటించిరి. ఆ పిల్లుల రక్తమును ఇండ్లలో యజమానులే పరీక్షించుచు, గ్లార్జిన్ అను ఇన్సులిన్‌ను జాగ్రత్తగా కొలిచి వేసిరి. వానిలో నూటికి 64 వంతున సూది మానగలిగినవి. వ్యాధి తెలిసిన 6 నెలలలోపల ఈ కట్టుదిట్టమైన పద్ధతి నారంభించినవానిలో నూటికి 84, ఆలసించినవానిలో నూటికి 35 మాత్రమే యట్లు బాగుపడినవి. అన్ని చోట్లను ఇంత మంచి ఫలితము రాలేదు. సూది మానినవానిలోను మూడింట నాల్గింట నొకటి మరల వ్యాధి పాలగుట కలదు. కావున వైద్యులు దీనిని నివారణ మనరు, ఉపశమన మందురు. నివురుగప్పిన నిప్పును చల్లారినదని యెంచి వస్త్రము కప్పువారుందురా?

మా యింటి పిల్లికి 9 ఏండ్లు. శ్రావణమాసారంభమున దానికి మధుమేహమని తేలినది. అప్పటికి దాని బరువు 5.6 కిలోలనుండి 4.3 కిలోలకు దిగినది. వెనుక కాళ్ల మడమలు నేలకానించి కుందేలువలె నడచుచుండెను. వైద్యుడు పూటకు 1 యూనిట్ చొప్పున దినమునకు రెండుసారులు ఇన్సులిన్ వేయుమనెను. తోడనే ఆహారము మార్చవలెననెను. మన ఇండ్లలో పిల్లికి పాలును పెరుగన్నమును పెట్టుట పరిపాటి. కాని పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దాని కాలేయము అన్నములోని పిండిపదార్థమును మన కాలేయమువలె చురుకుగా నిర్వహింపజాలదు. టారిన్ అను పదార్థము మాంసమునుండి లభింపనిచో దాని కన్నును గుండెయు చెడును. గ్రుడ్డును ఇల్లు త్రొక్కనీయని అత్తగారు ఈ మాట విని కొంతసేపు మాటాడలేదు. తరువాత, "దాని ధర్మము దానిది, మన మడి మనది. పెరటిలో వేరే పొయ్యి పెట్టించండి" అనిరి. నాటినుండి పెరటి పొయ్యిమీద కోడిమాంసము ఉడుకుచున్నది. దానికి తోడు వైద్యుడు చెప్పిన డబ్బా ఆహారము పెట్టుచున్నాము.

రక్తపరీక్ష ఇంటనే చేయవచ్చును. పిల్లి చెవి అంచును వేడిగుడ్డతో కొంచెము సేపు కాచి, సన్నని సూదితో గుచ్చినచో ఒక్క బొట్టు నెత్తురు వచ్చును. గ్లూకోమీటరునకు అది చాలును. మనుష్యులకై చేసిన మీటరు పిల్లి రక్తములోని చక్కెరను సాధారణముగా ఉన్నదానికంటె తక్కువగా జూపును. అందుచేత ఏ మీటరు వాడుచున్నామో వైద్యునికి తెలిపి, ఎల్లప్పుడు దానినే వాడవలెను. మా వారు బడి పుస్తకమువలె గీతలు గీసి ఒక నోటుపుస్తకము సిద్ధముచేసిరి: తేది, వేళ, రక్తములో చక్కెర, త్రాగిన నీరు, బరువు, తిన్న తిండి. రోగిష్ఠి పిల్లిని గూర్చి మా యింట వాదములు తగ్గుటకు ఈ పుస్తకమే కారణము. "నిన్నటికంటె బాగున్నట్లున్నది" అనువారికి పుస్తకము చూపిన చాలును.

ఆరు వారములకు సూదికి ముందు చూచిన అంకెలు దిగజొచ్చినవి. వైద్యుడు నడుమ 2 యూనిట్లకు పెంచిన మందును 1కి, తరువాత అరకు దించెను. ఇచట తొందరపాటెంత చెరుపో ఆలస్యమును అంతే చెరుపు. క్లోమము తన పని తాను మొదలిడినను మనము పాత కొలతనే వేయుచుండినచో చక్కెర మితిమీరి పడిపోవును. 60కి దిగువకు పోయినచో అపాయము. పిల్లి తూలును, వణకును, మూర్ఛపోవును. అప్పుడు తేనెనో గ్లూకోజు నీటినో చిగుళ్లకు రాచి, వెంటనే వైద్యునియొద్దకు గొనిపోవలెను. మాకు అట్టి యవస్థ రాలేదు. అర యూనిట్‌తో కూడ అంకెలు వరుసగా మంచివిగా నుండుట జూచి, విజయదశమి మరునాడు వైద్యుడు సూది మాన్పించెను.

ఆ నాటి సంతోషము చెప్పనలవి కాదు. కాని వైద్యుడు సూది తీసికొని దానికి మారుగా ఒక పట్టిక మాచేతి కిచ్చెను. మొదటి వారము ప్రతిదినము ఉదయపు తిండికి ముందు రక్తపరీక్ష. రెండవ వారము దినము విడిచి దినము. నాలుగు వారములు నిండువరకు వారమునకు రెండుసారులు. ఆ పిమ్మట వారమున కొకసారి. బరువు ప్రతి ఆదివారము. నీరు మాత్రము దినదినము కొలువవలెను. ఉదయము 300 మిల్లీలీటర్లు గిన్నెలో పోసి, మరునాడు మిగిలినదానిని కొలిచి తీసివేసినచో లెక్క తేలును. కిలో బరువునకు దినమున 100 మిల్లీలీటర్లు మించి త్రాగుట ఎట్టి పిల్లికైనను రోగలక్షణమే. తడి ఆహారము తిను పిల్లి అందులో సగమును త్రాగదు; కావున అంతవరకు వేచియుండక, తన వాడుకను మించి త్రాగుచున్నదన్నంతనే మేలుకొనవలెను.

సూది మానిన పందొమ్మిదవ రాత్రి దీపావళి. వీథియంతయు టపాకాయల మ్రోత. పిల్లి ధాన్యపు గాదె వెనుక దూరి రెండు జాములు వెలుపలికి రాలేదు. వచ్చిన పిమ్మట పరీక్షించినచో చక్కెర 238. అంతకు ముందు దినము 112. ఇంటిలో ఒక్కసారిగా మాటలు నిలిచిపోయినవి. మిగిలియున్న మందు ఒక్క చుక్క వేయుదమా యని మా వారనిరి. ఆ మాట ప్రేమచేత వచ్చినదే. కాని పట్టికకు అడుగున వైద్యుడు తన చేతితో వ్రాసిన వాక్యమొకటి కలదు: ఒక్క అంకెను బట్టి సూది వేయరాదు. భయపడిన పిల్లికి ఆరోగ్యముగా నున్నను రక్తములో చక్కెర 300 దాటుట కలదు. పశువైద్యశాలలో చేసిన పరీక్ష మోసపుచ్చుటకును కారణ మిదియే. మేము సూది వేయక తెల్లవారువరకు మేల్కొని యుంటిమి. ఉదయము 124. మరునాడు 115. ఆ రాత్రి సూది వేసియుండినచో, భయము తీరి చక్కెర తానై దిగుచున్న వేళ మందు దానిని ఇంకను క్రిందికి త్రోసియుండెడిది. పిల్లి ప్రాణమునకే ముప్పు వాటిల్లెడిది.

మూత్రమును పరీక్షించు కాగితపు పట్టీలును దొరకును. అవి చవుక, జంతువునకు నొప్పి లేదు. కాని వాని మాటకు హద్దు కలదు. పిల్లి రక్తములో చక్కెర సుమారు 250 దాటినగాని మూత్రములోనికి దిగదు. పట్టీ రంగు మారనిచో వ్యాధి ముదురలేదని మాత్రము తెలియును. మొదలు కాలేదని తెలియదు. రంగు మారినచో మాత్రము అదే దినము వైద్యునికి తెలుపవలెను.

నాలుగు వారములు సూది లేకయే అంకెలు సరిగా నుండుటచే వైద్యుడు ఫ్రక్టోసమీన్ అను పరీక్ష చేయించెను. అది గడచిన ఒకటి రెండు వారముల సగటు చక్కెరను జూపును. ఒక్కపూట భయమునకు అది లొంగదు. అదియు మంచిగానే వచ్చినది. అప్పుడు గాని ఆయన ఉపశమనమను మాట పలుకలేదు.

ఇక ముందు కాపాడుకొనవలసినవి నాలుగు. మొదటిది ఆహారము: వ్యాధి పోయెను గదా యని పండుగనాడు పాయసము పెట్టరాదు. రెండవది బరువు: చిక్కుటయు చెడ్డదే, అతిగా బలియుటయు చెడ్డదే. మూడవది పండ్లు, మూత్రకోశము: చిగుళ్ల చీము గాని మూత్రకోశపు వాపు గాని చక్కెరను మరల రేపును. నాల్గవది మందులు: దురదకో దగ్గునకో స్టెరాయిడ్ సూది వేయునప్పుడు, ఈ పిల్లికి మధుమేహము వచ్చి తగ్గినదని ముందుగా చెప్పితీరవలెను. మరల దాహము హెచ్చినను, మడమలపై నడచినను, తిండి మాని వాంతి చేసికొని మత్తుగా పడియున్నను జాగు చేయరాదు. ఇన్సులిన్ మరల మొదలిడవలసివచ్చినచో ఎంత వేయవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను. అలమరలో మిగిలిన పాత సీసాను తీయరాదు. మన దేశమున 40 యూనిట్ల మందును 100 యూనిట్ల మందును రెండును కలవు; వాని సిరంజిలు వేరు. ఒకదానికి బదులొకటి వాడినచో కొలత రెండున్నర రెట్లు తప్పును.

ఒక్క హెచ్చరిక. పిల్లి విషయమున చెప్పిన ఈ మాటను మనుష్యులకు అన్వయింపరాదు. చిన్నతనముననే మధుమేహము వచ్చిన బిడ్డలకు ఇన్సులిన్ ప్రాణాధారము. నాటు మందు నమ్మియో, దిష్టి తీసితిమనియో దానిని మాన్పించినచో కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగును. ఏ సోదరియు మా వ్యాసమును జూపి, ఆ యింటి పిల్లికి మానినది గదా యని యనకుండుగాక!

ఇది వ్రాయునాటికి సూది మాని 13 వారములైనది. పిల్లి 5.1 కిలోలు తూగుచున్నది, మడమలెత్తి నడచుచున్నది. ఇక పరీక్ష లేల, చెవి గుచ్చి జంతువును బాధింపనేల యని అడుగువారు ఇంటికి వచ్చుచునే యున్నారు. వారికి మేము చెప్పునది ఇంతే: సూది వేయుట రెండు నిమిషముల పని, సూది వేయకుండుటయే నిత్యము చేయవలసిన పని. గడచిన ఆదివారపు అంకె 109. వచ్చు ఆదివారపు గడి ఇంకను ఖాళీగా నున్నది.