కారు కిందికి... ఖర్చు పైకి!

స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245. 2020లో మనదేశానికి వచ్చినవి రెండొందలే. అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కుర్రాళ్లు ముందు చేసే పని... స్ప్రింగులు మార్చి కారును దించడం. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ కనిపిస్తే వాళ్లకి నిద్రపట్టదు మరి!

తేడా అక్కడే వస్తుంది. లోయరింగ్ స్ప్రింగు పొట్టిగానే కాదు, గట్టిగానూ ఉంటుంది. దాన్ని పాత షాక్ అబ్జార్బర్‌కే తగిలిస్తే అది ఎప్పుడూ కొంత నొక్కుకునే ఉంటుంది. గుంతలో పడగానే కదలడానికి చోటు చాలక చివరనున్న రబ్బరు స్టాపర్‌కి 'ధన్‌'మని కొట్టుకుంటుంది. స్ప్రింగు ఎగురుడును ఆపలేక షాక్ కూడా తొందరగా అరిగిపోతుంది. స్పీడ్‌బ్రేకర్ ఎత్తు నిబంధన ప్రకారం 10 సెంటీమీటర్లు. మన కాలనీల్లో వేసేవాళ్లకి ఆ సంగతి ఎవరు చెప్పారు! కారును నాలుగు సెంటీమీటర్లు దించి, వెనకసీట్లో అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని ఓసారి తిరగండి, తెలుస్తుంది.

అందుకే ముందు పాత షాక్‌లూ బుష్‌లూ మెకానిక్‌కి చూపించండి. బాగా తిరిగిన బండి ఊగుతోందంటే, చాలాసార్లు కొత్త ఒరిజినల్ భాగాలతోనే కుదురుకుంటుంది. మార్చాల్సిందే అనుకుంటే స్ప్రింగూ షాకూ ఒకదానికొకటి సరిపోయేలా ఇచ్చే బిల్‌స్టీన్ బి12 లాంటి కిట్ నయం. ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు రేస్‌ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి. ఏది వేయించినా వీల్ అలైన్‌మెంట్ తప్పదు. బీమా కంపెనీకీ ముందే చెప్పండి.