చేతికందిన లెక్క పలక మీదికి రావాలి

ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులిస్తారు. జూన్ రెండో వారం దాకా, అంటే దాదాపు ఏడు వారాలు పిల్లలకు తీరికే. ఆ తీరికను నింపడానికి పట్టణాల్లో కూడలి కూడలికీ ఫ్లెక్సీలు వెలుస్తాయి: ఈత, కరాటే, కీబోర్డు, స్పోకెన్ ఇంగ్లిష్. వాటిలో గణితం రెండు రూపాల్లోనే కనిపిస్తుంది. అబాకస్, వేదగణితం తరగతులు ఒకటి. ఆరో తరగతి నుంచే మొదలయ్యే ఐఐటీ ఫౌండేషన్ కోర్సులు రెండోది. మొదటిది ప్రధానంగా వేగం నేర్పుతుంది. రెండోది వచ్చే ఏడాది పాఠాలను ఈ ఎండల్లోనే పిల్లల నెత్తిన పెడుతుంది. లెక్క మీద ఇష్టం పుట్టించడం ఈ రెండూ తమ పనిగా పెట్టుకోలేదు.

అవసరం మాత్రం కళ్లముందే ఉంది. పిల్లల చదువుల స్థాయిని కొలిచే అసర్ 2024 నివేదిక ప్రకారం మన దేశ గ్రామీణ ప్రాంతాల్లో అయిదో తరగతి చదివేవారిలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతం. మూడో తరగతిలో తీసివేత వచ్చినవారు 33.7 శాతం. 2022తో పోలిస్తే ఇవి మెరుగుపడిన అంకెలు. అయినా పదిమందిలో ఏడుగురు భాగహారం రాకుండానే హైస్కూలు గడప తొక్కుతున్నారు. అక్కడ భిన్నాలు, బీజగణితం కాచుకుని ఉంటాయి. ‘నాకు లెక్కలు రావు’ అని పిల్లవాడు తనమీద తానే తీర్పు చెప్పుకునేది అప్పుడే. ‘మాకూ వచ్చేవి కావులే’ అంటూ ఇంట్లో పెద్దలు ఆ తీర్పును ఖాయం చేస్తారు.

ఈ ముడి విప్పడానికి సెలవులు మంచి అదను. పరీక్ష ఉండదు, మార్కులుండవు, వెనకబడ్డావని ఎత్తిపొడిచేవారుండరు. అయితే వేసవి గణిత శిబిరం నడిపేవారు సరదా అన్నదాన్ని ఎక్కడ వెతుకుతున్నారన్నది ముఖ్యం. సరైన జవాబుకు చాక్లెట్ ఇవ్వడం, ఎక్కాలను పాటగా పాడించడం, గంట కొట్టి క్విజ్ పెట్టడం వల్ల గది సందడిగా ఉంటుంది, నిజమే. ఆ సందడి చాక్లెట్‌ది, పాటది, గెలుపుది. లెక్కలోనే ఉన్న ఆనందం వేరు. ఊహించినది నిజమైనప్పుడు, కానప్పుడు, ‘ఎందుకిలా?’ అని తట్టినప్పుడు, ఆ ఎందుకుకు తనంతట తాను జవాబు చెప్పగలిగినప్పుడు కలిగేది అది. ఆ అనుభవం ఒక్కసారైనా కలిగించని శిబిరాన్ని గణిత శిబిరం అనడానికి నాకు మనసొప్పదు.

దానికి ఖరీదైన కిట్లు అక్కర్లేదు. ముగ్గు చాలు. ‘7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేవరకు’ అంటే ఏమిటో తెలుగు ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. నడిమి వరుసలో ఏడు, దానికి పైనా కిందా సందుల్లో ఆరేసి, ఆపైన అయిదేసి, చివర నాలుగేసి. పిల్లలను నలుగురైదుగురు చొప్పున కూర్చోబెట్టి, చేతికి సుద్దముక్కలిచ్చి ఈ చుక్కలు పెట్టించాలి. మొత్తం ఎన్ని ఉంటాయో లెక్కపెట్టకముందే ఊహించమనాలి. ఎవరి ఊహ వాళ్లు నేలమీద రాసుకున్నాకే లెక్కింపు. 37 వస్తాయి. 5 చుక్కలు 3 వచ్చేవరకు పెడితే 19. 3 చుక్కలు 2 వచ్చేవరకు పెడితే 7. ఒక్క చుక్కతో ఆగిపోతే 1. మరి 9 చుక్కలు 5 వచ్చేవరకు పెడితే?

కొందరు వెంటనే చుక్కలు పెట్టడానికి వంగుతారు. ఒకరిద్దరు మాత్రం 1, 7, 19, 37 వైపు చూస్తూ ఉండిపోతారు. వాటి మధ్య తేడాలు 6, 12, 18. అయితే తర్వాతి తేడా 24 కావాలి, జవాబు 61 కావాలి. పెట్టి చూస్తే 61 వస్తాయి. పిల్లల కేక వినిపించేది అప్పుడే. నిర్వాహకులు అక్కడితో ఆగకూడదు. ఆరేసి చొప్పునే ఎందుకు పెరగాలి? మధ్య చుక్క చుట్టూ ఆరు భుజాల చుట్టు ఒకటి, దానిచుట్టూ మరొకటి చేరుతున్నాయని, కొత్త చుట్టు వచ్చినప్పుడల్లా ఒక్కో భుజానికి ఒక్కో చుక్క ఎక్కువ పడుతోందని నేలమీద వేలు పెట్టి చూపించిన పిల్ల ఆ రోజు గణితం చేసినట్టే. సూత్రం బట్టీ పట్టి 61 చెప్పిన పిల్లాడి కన్నా ఆ పిల్లే ముందుంది.

ఎనిమిదో తరగతివారికి ఇదే ముగ్గులో ఇంకో మెట్టు ఉంది. ఆ సంఖ్యలను వరసగా కలుపుతూ పొమ్మనండి. 1, 8, 27, 64. అన్నీ ఘనాలే! దీనికి కారణం కాగితం మీద కన్నా చేతిలో తొందరగా దొరుకుతుంది. 27 చిన్న చెక్క ఘనాలతో ఒక పెద్ద ఘనం కట్టి, దాన్ని ఒక మూలకు ఎదురుగా నిలబడి చూస్తే కంటికి కనిపించే చిన్న ఘనాలు సరిగ్గా 19. ఆ 19నీ తీసేస్తే లోపల మిగిలేది 8 ఘనాల పెట్టె. దాని పైపొర 7. ముగ్గులోని చుట్లు ఘనానికి పొరలయ్యాయి. ఈ పని చేయడానికి పిల్లలకు గంట పట్టినా, పూట పట్టినా తొందరపెట్టకూడదు. చుక్కకు ఎదురుగా చుక్క పెట్టే ఎదురు చుక్కల ముగ్గులో వేరే సంగతులున్నాయి. 7 నుంచి 1 దాకా రెండేసి తగ్గిస్తూ పెడితే 25. అందులో 16, 9 ఎక్కడెక్కడ దాగున్నాయో రెండు రంగుల సుద్దముక్కలతో విడదీయమనవచ్చు. ఈ ముగ్గుల్లో చేయి తిరిగిన అమ్మమ్మలు, పక్కింటి అత్తయ్యలు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్లను శిబిరానికి గురువులుగా పిలవాలి. మగపిల్లలూ వాళ్ల పక్కన కూర్చుని చుక్కలు పెట్టాలి.

మన చుట్టుపక్కల ఈ దారి కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రెవెన్యూ ఉద్యోగం చేసిన తండలం సుందరరావు 1893లో కాగితం మడతలతో జ్యామితి నేర్పే పుస్తకాన్ని ఇంగ్లిష్‌లో ప్రచురించారు. చిన్నపిల్లల కిండర్‌గార్టెన్‌లో ఆడించే కాగితం మడతల నుంచే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించారు, తర్వాత అది అమెరికాలోనూ అచ్చయింది. నాసిక్ దగ్గర దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్.కప్రేకర్ ఏ నాలుగంకెల సంఖ్యతో మొదలుపెట్టినా 6174కు చేర్చే ఆటను 1949లో లోకానికి చూపించారు. అంకెలన్నీ ఒకటే కాకుండా ఉంటే చాలు. వాటిని పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు రాసి తీసివేస్తూ పోవాలి. 3524తో మొదలుపెడితే 3087, 8352, ఆ తర్వాత 6174. తీసివేత అభ్యాసానికి ఇంతకన్నా మంచి ఆట నాకు తెలియదు. చెన్నైలో పి.కె.శ్రీనివాసన్ అనే ఉపాధ్యాయుడు జీవితమంతా పిల్లలతో గణిత ప్రదర్శనలు పెట్టించి, 1993లో రాయపురంలో రామానుజన్ పేరిట మ్యూజియం, గణిత విద్యాకేంద్రం నెలకొల్పారు. సుందరరావు, కప్రేకర్, శ్రీనివాసన్‌లలో ఎవరూ విశ్వవిద్యాలయ ఆచార్యులు కారు.

ముగ్గులాగే శిబిరానికి పనికొచ్చే ఇంకో ఇంటి ఆట అష్టాచెమ్మా. గవ్వలు లేనిచోట చింతపిక్కలను ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసి ఆడటం పాత అలవాటే. నాలుగు పిక్కలు వేస్తే ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు నడుస్తాం, నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది గళ్లు. ఒక్కో జట్టు నూరుసార్లు వేసి, ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు గీసుకోవాలి. రెండు తరచుగా పడుతుంది, అష్టా అరుదుగా పడుతుంది. పిక్కల మీద 1, 2, 3, 4 అని గుర్తులు పెట్టి, పడే తీరులన్నీ రాయిస్తే 16 వస్తాయి. వాటిలో రెండు తెల్లగా పడే తీరులు ఆరు, అన్నీ నల్లగా పడేది ఒకటే. ఆ లెక్కన నూరింట అష్టా ఆరుసార్ల దాకా పడాలి. పిల్లల గీతల్లో అలా రాకపోతే ఇంకా మంచిది. పిక్కకు రెండు వైపులూ సమానంగా పడే అవకాశం లేదేమోనన్న అనుమానం వాళ్లకే రావాలి. ఒక్క పిక్కనే నూరుసార్లు వేసి చూద్దామని వాళ్లే అంటారు. పెద్ద తరగతుల్లో సంభావ్యత పాఠం వచ్చేసరికి ఆ పిల్లల దగ్గర సొంత అనుభవం ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది చదివి, పిల్లల చేతికి వస్తువులిస్తే లెక్కలు వాటంతటవే వస్తాయని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలపై చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. రెండు మూడు రకాల సరుకుకు ధర కట్టి, చిల్లర సరిగ్గా ఇచ్చే పిల్లలు అవే లెక్కలను పాఠ్యపుస్తకంలోలా రాసిస్తే తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు పుస్తకం లెక్కలు మెరుగ్గా చేసి, బజారు లెక్క దగ్గర ఆగిపోయారు. చేతి లెక్క, రాత లెక్క ఒకే పిల్లవాడిలో రెండు వేరు గదుల్లో ఉండిపోగలవని దీన్నిబట్టి తెలుస్తోంది. శిబిరాలు పట్టించుకోవలసింది ఈ అడ్డుగోడనే.

52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాసేవారు నాలుగో తరగతిలోనూ ఉంటారు. 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3. పెద్దదాంట్లోంచి చిన్నది తీశారు, అంతే. అదే పిల్లకు పదేసి ఈనెపుల్లల కట్టలు అయిదు, విడిగా రెండు పుల్లలు ఇచ్చి 27 పుల్లలు ఇమ్మనండి. రెండు కట్టలు ఇస్తుంది, ఏడు పుల్లల కోసం చూస్తుంది, చాలకపోతే ఒక కట్టకున్న రబ్బరుబ్యాండు విప్పుతుంది. మిగిలినవి 25. ఇక్కడ చప్పట్లు కొట్టించి తర్వాతి ఆటకు వెళ్లిపోతే ఆ పిల్ల మర్నాడు పలక మీద మళ్లీ 35 రాస్తుంది. కట్ట విప్పిన క్షణంలోనే పలక మీద 5 కొట్టేసి 4 రాయించాలి, 2 ఉన్నచోట 12 రాయించాలి. మర్నాడు పుల్లలు తీసేసి, కట్టల బొమ్మ గీసి అదే లెక్క చేయించాలి. మూడో రోజు అంకెలే. ఆ తర్వాత తన పాత 35ను ముందు పెట్టి, ఎక్కడ దారి తప్పిందో తననే చెప్పమనాలి. చేతి నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి అంకెకు నడిపించే ఈ వరసను జెరోమ్ బ్రూనర్ 1960లలో సిద్ధాంతంగా చెప్పారు. సింగపూర్ 1980ల నుంచి తన గణిత బోధనను దానిమీదే నిలబెట్టుకుంది.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, కనీస గణితం రావాలన్న లక్ష్యంతో 2021లో కేంద్రం నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దానికి పెట్టుకున్న గడువు 2026-27. తెలంగాణ 2022లో ఇలాంటి లక్ష్యంతోనే తొలిమెట్టు కార్యక్రమం తెచ్చింది. వేసవి ఏడు వారాలూ ఈ ప్రయత్నాలకు వెలుపలే ఉండిపోతున్నాయి. డబ్బున్న ఇళ్ల పిల్లలకు ఫ్లెక్సీల మీది కోర్సులైనా ఉన్నాయి. ఊరి బడి పిల్లలకు తాళం వేసిన గేటు తప్ప ఏమీ లేదు. శాఖా గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు జరిగేచోట కథలు, బొమ్మలు వేయడం ఉంటాయి, మంచిదే. వాటి పక్కన రోజుకో గంట గణితానికి చోటివ్వాలి. అవి లేని ఊళ్లలో ఎండ ముదరకముందే, ఎనిమిది నుంచి పదిన్నర దాకా, బడి వరండాలోనో చెట్టు కిందో మూడు వారాలు నడిపితే చాలు. సుద్దముక్కలకు, ఈనెపుల్లలకు, పాత పేపర్లకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ఖర్చు పెట్టాల్సింది మనుషుల మీద. డైట్ కళాశాలల ఛాత్రోపాధ్యాయులు, ఊళ్లోని డిగ్రీ విద్యార్థులు ఈ పనికి సరిపోతారు. వాళ్లకు గౌరవభృతి ఇవ్వాలి, ముందుగా వారం రోజుల శిక్షణ ఇవ్వాలి. దశాబ్దాలుగా బడుల్లో తిరిగిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తల్లాంటివారు ఆ శిక్షణ ఇవ్వగలరు. కార్యకలాపాలు నేర్పడం అందులో తేలిక భాగం. జవాబు తెలిసి కూడా చెప్పకుండా ఆగడం, పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు ‘ఎలా వచ్చింది, చెప్పు’ అని అడగడం కష్టమైన భాగం. మార్కుల బడిలో చదువుకుని వచ్చిన యువతకు ఇది అలవాటు లేని పని. శిక్షణలో ఎక్కువ సమయం దీనికే పోవాలి.

తల్లిదండ్రుల నుంచి ఒక ప్రశ్న వస్తుంది: ముగ్గులు, చింతపిక్కలతో రేపు ఎప్‌సెట్ ర్యాంకు వస్తుందా? కష్టపడి ఫీజులు కట్టేవారి ఆందోళన అది, తీసిపారేయదగ్గది కాదు. మూడు వారాల శిబిరం ర్యాంకు తెస్తుందని నేను చెప్పను. భాగహారం దగ్గర ఆగిపోయిన బిడ్డను అక్కడి నుంచి కదపగలదని మాత్రం చెబుతాను. ఆ కదలిక లేనిదే ఏ కోచింగూ అక్కరకు రాదు. అబాకస్‌తోనూ నాకు పేచీ లేదు. ఒక పూసకు ఏ స్థానంలో ఏ విలువ వస్తుందో అది చక్కగా చూపిస్తుంది. స్టాప్‌వాచీ పట్టుకుని వందల లెక్కలు చేయించడం మొదలైనప్పుడే అది దారి తప్పుతోంది. నెమ్మదిగా ఆలోచించే పిల్లలు తాము మందమతులమనుకునేది అలాంటి పోటీల్లోనే.

శిబిరం చివరి రోజు తల్లిదండ్రులను పిలిచే అలవాటు ఎలాగూ ఉంది. ఆ రోజు 19వ ఎక్కం అప్పజెప్పించే ప్రదర్శన వద్దు. ప్రతి బిడ్డా తాను కనిపెట్టిన ఒక్క విషయాన్ని చుక్కలతోనో, పుల్లలతోనో, మడతపెట్టిన కాగితంతోనో చూపించాలి, దాన్నే అంకెల్లో రాసి చూపించాలి. చూడవచ్చిన అమ్మానాన్నలు ‘ఎందుకలా వచ్చింది?’ అని రెండుసార్లు అడగాలి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడాలి.