మూత్రవ్యవస్థ పిండాభివృద్ధి: పరిభాషను గూర్చి ఒక విన్నపము

శాస్త్రపరిభాషను గూర్చిన చర్చ మన పండితులలో సాధారణముగా నిఘంటువుతో మొదలై నిఘంటువుతోనే ముగియుచుండును. ఒక ఆంగ్లపదమునకు సంస్కృతసమమును గ్రహింపవలెనా, తెలుగుమాట కూర్పవలెనా, లేక ఆ పదమునే మన లిపిలో వ్రాసికొనవలెనా యనునదే అందు ప్రధానవాదము. ఆ పదమును తుదకు వినువారెవరు, విన్న పిమ్మట వారేమి నిర్ణయించుకొనవలసియుండును అను ప్రశ్న అరుదుగా వచ్చును. మూత్రవ్యవస్థ గర్భములో ఏర్పడు తీరు, అందు పుట్టుకతో గలుగు లోపములు అను విషయమును తీసికొన్నచో ఈ ప్రశ్నను తప్పించుకొన వీలులేదు.

గర్భిణికి 18, 20 వారముల నడుమ జరుపు స్కానింగు పరీక్షలో తరచుగా కనబడు విషయములలో శిశువు మూత్రపిండములో నీరు నిలిచి అది ఉబ్బియుండుట ఒకటి. అందు అధికభాగము స్వల్పమైనది. కాలక్రమమున తనంతట తాను సర్దుకొనును. అదే పరీక్షలో రెండు మూత్రపిండములును ఏర్పడలేదని తేలినచో, ఆ శిశువు బ్రతుకుట దాదాపు అసంభవము. ఈ రెంటికిని గల దూరము జీవన్మరణముల దూరము. కాని నివేదిక ఆంగ్లమున నుండును. ఇంటివారికి చేరునది ‘కిడ్నీలో లోపమున్నది’ అను ఒక్క మాట. 2021లో సవరింపబడిన గర్భవిచ్ఛిత్తి చట్టము కొన్ని వర్గముల స్త్రీలకు 24 వారముల వరకు అవధి నిచ్చినది. శిశువునందు గణనీయమైన వైకల్యము గలదని వైద్యమండలి నిర్ధారించినచో ఆ అవధియు వర్తింపదు. అనగా కొలది దినములలో ఒక కుటుంబము చేయవలసిన నిర్ణయము, వారికి చేరిన మాట స్పష్టతపై చాలవరకు ఆధారపడియున్నది.

మాట స్పష్టము కావలెనన్న ముందు విషయము స్పష్టము కావలెను. మానవపిండములో మూత్రపిండము ఒకమారు గాక మూడుమారులు పుట్టును. నాలుగవ వారమున మెడప్రాంతమున మొదటిది పొడసూపి, పనిచేయకయే అణగిపోవును. దాని వెనుక రెండవది ఏర్పడి, కొన్ని వారములు పనిచేసి క్షీణించును. దాని నాళము మాత్రము మిగులును. ఐదవ వారమున ఆ నాళమునుండి ఒక మొగ్గ వెడలి, చెంతనున్న కణసముదాయములోనికి చొచ్చుకొనిపోవును. మొగ్గ ఆ కణములను ప్రేరేపించును. కణములు మొగ్గను కొమ్మలు వేయించును. ఈ పరస్పరప్రేరణ లేనిచో రెండును ఎదుగవని 1950ల దశకమున క్లిఫర్డ్ గ్రోబ్‌స్టైన్ ఎలుకపిండములతో జరిపిన ప్రయోగములు చూపినవి. ఇట్లు పుట్టిన మూడవదియే మనకు స్థిరముగా నిలుచు మూత్రపిండము. అది కటికుహరమున పుట్టి, ఆరవ వారము మొదలు తొమ్మిదవ వారమునకు నడుముభాగమునకు చేరును. పదవ వారము నాటికి మూత్రము తయారగుచుండును. తరువాతి మాసములలో గర్భోదకములో అధికభాగము ఆ మూత్రమే. శిశువు ఊపిరితిత్తులు చక్కగా పెరుగుటకు అది అవసరము.

ఇక పేర్ల విషయము. తెలుగు, కన్నడము, మరాఠీ, గుజరాతీ భాషలు ‘మూత్రపిండము’ అనును. మలయాళమున వృక్కశబ్దభవమైన మాట ఇంటింటి వాడుకలో నున్నది. తమిళము తన సొంతధాతువులతో ‘సిఱునీరగం’ అని కూర్చుకొన్నది. హిందీ, ఉర్దూలలో పారసీకమునుండి వచ్చిన ‘గుర్దా’ సర్వసాధారణము. హిందీ శాస్త్రగ్రంథములు మాత్రము ‘వృక్క’ మనును. వృక్కశబ్దము అథర్వవేదమున ద్వివచనముగా కనబడు ప్రాచీనశబ్దమే. కాని చరకసంహిత వృక్కములను మేదోవహస్రోతస్సులకు, అనగా కొవ్వును గొనిపోవు మార్గములకు, మూలముగా చెప్పినది. మూత్రవహస్రోతస్సులకు మూలమన్నపుడు వస్తిని, వంక్షణములను చెప్పినదే గాని వృక్కములను చెప్పలేదు. సుశ్రుతుడును వాటి పుట్టుకను రక్తమేదస్సుల సారమునుండియే చెప్పెను. కావున ప్రాచీనత యను ఒక్క కారణమున వృక్కశబ్దమునకు పట్టము గట్టుట యుక్తము కాదు. చేయు పనిని పేరులోనే చెప్పు గుణము ‘మూత్రపిండము’నకు గలదు.

అయితే తెలుగునకు ఇచ్చట ఒక చిక్కు గలదు. గర్భములోని తొలిరూపమునకును మనము ‘పిండము’ అనియే యందుము. గర్భోపనిషత్తు ఒక రాత్రికి కలలము, ఏడు రాత్రులకు బుద్బుదము, పక్షమునకు పిండము అని అవస్థాభేదమున పేర్లుంచినది. ఈ రెండు పిండములు ఒక్క వాక్యమున కలిసినపుడు ‘పిండమూత్రపిండము’ వంటి సమాసము పుట్టి, చదువరిని తికమకపెట్టును. ఇట్టి చోట, శాస్త్రసమాసములలో మాత్రము, వృక్కశబ్దము ఉపకరించును: ప్రాగ్వృక్కము, మధ్యవృక్కము, అంత్యవృక్కము. పాఠమునకు వృక్కము, ప్రజకు మూత్రపిండము. ఎనిమిది వారముల వరకు పిండము, ఆపై గర్భస్థశిశువు. ఈ విభాగము పాటించిన చిక్కు తీరును.

నా ప్రధానాభిప్రాయము లోపముల పేర్లను గూర్చినది. పైన చెప్పిన క్రమమున ఏ మెట్టు తప్పినదో ఆ మెట్టును చెప్పు పేరే మంచి పేరు. మొగ్గ వెడలనిచో మూత్రపిండము ఏర్పడదు, అది ‘ఏర్పడమి’. ఒకవైపు మాత్రమే ఏర్పడమి సుమారు వేయిమందిలో ఒకరికి గలదు. రెండవది సరిగా నున్నచో వారిలో పెక్కురు నిండుజీవితము గడపుదురు. మూత్రపిండము పైకి రాక కటికుహరముననే నిలిచిన ‘స్థానము చేరమి’. రెంటి దిగువకొనలు కలిసిపోయినచో, పైకి వచ్చునపుడు నడుమనున్న ధమని అడ్డుపడి అవి కొంత క్రిందనే నిలుచును. ఆంగ్లము దీనిని ఆకారమునుబట్టి గుర్రపులాడముతో పోల్చినది. మనమును అట్లే అనువదించుకొంటిమి. లాడమను మాట చిత్రమును చూపును గాని కథను చెప్పదు. ‘కలిసిన మూత్రపిండములు’ అన్నచో వినువారికి జరిగినదేమో తెలియును. మగశిశువులలో ప్రసేకమున అడ్డుపొర ఏర్పడి మూత్రము వెనుకకు నిలుచు స్థితి ‘అడ్డుపాటు’. పుట్టిన పిమ్మట ఆ పొరను తొలగింప వీలున్నదన్న ఆశయు ఆ మాటలోనే ధ్వనించును.

రెండవ ప్రమాదము ‘పుట్టుకతో వచ్చినది’, ‘వంశపారంపర్యము’ అను రెంటిని కలిపివేయుట. వార్తాపత్రికలలోను, ఆరోగ్యప్రచురణలలోను ఈ కలగాపులగము తరచుగా కనబడును. సుశ్రుతుడు ఈ భేదమును ఎరుగును: శుక్రశోణితదోషమున వచ్చునవి ఆదిబలప్రవృత్తములు, గర్భవాసకాలమున గలుగునవి జన్మబలప్రవృత్తములు. భేదము గ్రాహ్యమే; కాని రెండవదానికి ఆయన చెప్పిన హేతువు తల్లి అపచారము, దౌహృదమైన కోరికలు తీరకుండుట. పేరుతోపాటు ఈ నిందను మనము గ్రహింపరాదు. చీలిన పెదవికి తెలుగులో ‘గ్రహణమొర్రి’ యను పేరే యున్నది. ఆకాశమున గ్రహణము పట్టిన వేళ ఆ తల్లి ఏమి చేసినదో యని తరతరముల అనుమానమును ఆ ఒక్క మాట మోయుచున్నది. మూత్రవ్యవస్థాలోపములలో కొన్నింటికి జన్యుకారణములు, కొన్నింటికి తల్లి మధుమేహము, గర్భకాలమున వాడిన కొన్ని రక్తపోటుమందులు హేతువులని తేలినది. పెక్కింటికి ఒక్క హేతువును చూపుట సాధ్యము కాదు. కావున ఈ లోపములకు నిందావాచకములేవియు అంటకుండుట పరిభాషాకర్తల బాధ్యత.

దేశభాషలన్నిటికి వీలైనంతవరకు ఏకరూపమైన పరిభాష యుండవలెనను ఆదర్శముతో 1961లో కేంద్రప్రభుత్వము శాస్త్రపారిభాషికపదసంఘమును స్థాపించినది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. అట్టి ఐక్యతను భంగపరచుటయా యని కొందరు ఆక్షేపింపవచ్చును. పండితునకు పండితునితో మాటలాడుటకు ఏకపరిభాష మేలే. కాని వృక్కము కేరళమున ఇంటిమాట, ఆంధ్రదేశమున పాఠ్యపుస్తకపుమాట. ఒకే రూపము వేర్వేరు భాషలలో వేర్వేరు శ్రోతలను చేరుచుండగా రూపసామ్యమును అర్థసామ్యముగా భావించుట పొరపాటు. అన్ని భాషలకును ఉమ్మడిగా నుండవలసినది నామకరణసూత్రము. శబ్దము ఆయా భాషల అధీనము.

కావున తెలుగుశాఖలు వైద్యకళాశాలల సహకారముతో ఈ ఒక్క వ్యవస్థకైనను రెండు వరుసల పదపట్టికను సిద్ధము చేయవలెనని నా విన్నపము. మొదటి వరుస విద్యార్థికి, రెండవది గర్భిణికి. పట్టికను అచ్చువేయుటకు ముందు రెండవ వరుసను ఆసుపత్రులలోని నర్సులకును, తల్లులకును చదివి వినిపించి, వారికేమి అర్థమైనదో వారి మాటలలోనే చెప్పించుకొనవలెను. వారు తప్పుగా గ్రహించిన పదమును, అది ఎంత వ్యాకరణశుద్ధమైనను, కొట్టివేయవలెను.