పాస్‌వర్డ్ తప్పు కాదు మహాప్రభో, భాష మారింది!

మా పిన్ని వాళ్లుండేది ఫలక్‌నుమాలో. మొన్నో శనివారం లింగంపల్లిలో ఎమ్‌ఎమ్‌టీఎస్ ఎక్కి, కునికిపాట్లు పడుతూ అక్కడ దిగాను. ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే పిన్ని కూతురు "అన్నయ్యా, స్కాలర్‌షిప్ ఫారానికి ఇవాళే ఆఖరి రోజు, మా నెట్టు పోయింది" అంది. సరే పదమని వీధి చివరున్న షాపుకి వెళ్లాం. జిరాక్సు, నెట్టు, లామినేషను అన్నీ ఒకే గదిలో నడిపే షాపు. నడిపేది ఓ భాయ్.

ఆ షాపులో ఉన్నది ఒక్కటే కంప్యూటరు, దాంట్లో మూడు భాషలు. ఒకరికి ఉర్దూలో పెళ్లిపత్రిక, ఇంకొకరికి తెలుగులో అర్జీ, మరొకరికి ఇంగ్లీషులో బయోడేటా. ఇదివరకు తెలుగుకి అనూ ఫాంట్లు, ఉర్దూకి ఇన్‌పేజ్ వాడేవాడట. ప్రింటు తియ్యడానికి అవి చాలు. ఆన్‌లైన్ ఫారాల్లో పేరు తెలుగులో నింపాలంటే మాత్రం యూనికోడ్ కావాలి. అందుకని విండోస్‌లో మూడు కీబోర్డు లేఅవుట్లూ పెట్టుకున్నాడు. అక్షరాలా మనం కోరుకున్న బహుభాషా కంప్యూటరే కదా!

మా చెల్లెలు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. మూడోసారి ఒక్కో మీట చూసుకుంటూ నెమ్మదిగా కొట్టింది. "మీ ఖాతా 24 గంటల పాటు నిలిపివేయబడినది." పిల్ల కళ్లనిండా నీళ్లు. "అన్నయ్యా, ఒట్టు, ఇదే పాస్‌వర్డ్." భాయ్ నా వైపు చూసి "పాస్‌వర్డ్ సహీ ఉంది సాబ్, మిషినే ఖరాబు" అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే. తెర కింద మూలన చూస్తే తెలుగు గుర్తు కనపడింది. మాకన్నా ముందు వచ్చినాయన అర్జీ తెలుగులో కొట్టి భాయ్ అలాగే వదిలేశాడు.

ఇన్‌స్క్రిప్ట్ వాడనివాళ్ల కోసం చిన్న ఉదాహరణ. ఇంగ్లీషు మ్యాంగోలోని ఐదు మీటలూ (ఎమ్, ఏ, ఎన్, జీ, ఓ) తెలుగు లేఅవుట్‌లో నొక్కితే వచ్చేది "సోలుద". మామూలు గడిలో అయితే సోలుదని చూడగానే నవ్వుకుని సరిచేసుకుంటాం. పాస్‌వర్డ్ గడిలో కనపడేవి చుక్కలే. తెలుగు చుక్కకీ ఇంగ్లీషు చుక్కకీ తేడా ఏముంటుంది? పైగా ఇన్‌స్క్రిప్ట్‌లో పెద్దబడి, చిన్నబడి అంటూ ఉండవు. షిఫ్ట్ పట్టుకుని క మీట నొక్కితే ఖ వస్తుంది.

ఇంకో సంగతి. విండోస్ 7 దాకా ఏ కిటికీ లేఅవుట్ ఆ కిటికీదే. వర్డ్‌లో తెలుగుకి మారినా బ్రౌజర్‌లో ఇంగ్లీషే ఉండేది. 2012లో విండోస్ 8 వచ్చాక మామూలు అమరికలో మొత్తం మిషినుకి ఒకటే లేఅవుట్. అర్జీలో తెలుగు పెడితే లాగిన్ పేజీలోనూ తెలుగే. పాత పద్ధతి కావాలంటే సెట్టింగుల్లో వెతికి పెట్టుకోవాలి. భాయ్‌కి ఆ సంగతి ఎవరు చెప్పారు?

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. విషయం మొత్తం విని ఆయనిచ్చిన సలహా: "సర్, తెలుగు కీబోర్డు తీసేయండి సర్. ప్రాబ్లమ్ సాల్వ్ అయిపోతుంది."

నాకు మండింది ఇక్కడే. ఎలక ఉందని ఇల్లు తగలబెట్టుకోమనే సలహా ఇది. ఆయన్ని అనీ లాభం లేదు, మన ఆఫీసుల్లోనూ చెప్పేది ఇదే. లినక్సులో సుడో పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పి, తీరా చూస్తే లేఅవుట్ తెలుగులో ఉందని తెలిసి, ఆ రోజే తెలుగు పీకేసినవాళ్లు నాకు నలుగురు తెలుసు. మళ్లీ మనమే "కంప్యూటర్‌లో తెలుగు ఎవరు వాడుతున్నారండీ" అని నిట్టూరుస్తాం!

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. క్యాప్స్ లాక్ పడి ఉంటే పాస్‌వర్డ్ గడి దగ్గర హెచ్చరిక రావడం విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచీ చూస్తున్నాం. పొరపాటున పెద్దబడి పడితే అయ్యో పాపం అనే ప్రోగ్రాము, పొరపాటున తెలుగు పడితే మాత్రం దొంగని పట్టుకున్నట్టు తాళం ఎందుకు వేస్తోంది? చెయ్యలేకనా? కాదు. ఆ పేజీ రాసినవాడి కంప్యూటర్‌లో రెండో లేఅవుట్ లేదు. అంతే.

సాంకేతికంగా ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. బ్రౌజర్‌లో మీట నొక్కిన ప్రతిసారీ రెండు విషయాలు తెలుస్తాయి: నొక్కిన మీట ఏది, దాన్నుంచి వచ్చిన అక్షరం ఏది. వచ్చింది తెలుగో ఉర్దూనో అయితే "మీ కీబోర్డు తెలుగులో ఉంది" అని ఒక్క వాక్యం చూపిస్తే చాలు. సర్వర్‌దాకా పోనక్కర్లేదు. చుక్కల పక్కన కన్ను బొమ్మ పెట్టి, నొక్కితే అక్షరాలు కనపడేలా చెయ్యడం ఇంకా తేలిక.

అన్నిటికన్నా ముఖ్యం, తాళం వేసే లెక్క. మీ సైటు పాస్‌వర్డ్‌లో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు తప్ప ఇంకేవీ ఒప్పుకోదు అనుకుందాం. అప్పుడు "సోలుద" అనేది ఎవరి పాస్‌వర్డూ అయ్యే అవకాశమే లేదు. దాన్ని మూడు తప్పుల్లో ఒకటిగా లెక్కపెట్టడం దేనికి? "సెక్యూరిటీ తగ్గిపోతుంది బాసూ" అంటారు. ఎలా తగ్గుతుంది? ఎప్పటికీ నిజం కాలేని ఊహలు దొంగ కోటిసార్లు చేసుకున్నా వాడికి ఒరిగేదేమీ లేదు. కావాలంటే వేగానికి హద్దు పెట్టండి. ఖాతాకి తాళం మాత్రం వెయ్యకండి.

"అసలు తెలుగులోనే పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తే గొడవే లేదుగా" అంటారు కొందరు. నాకూ ఇష్టమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా యూనికోడ్ అక్షరాలని అనుమతించమని 2017లోనే రాసింది. కానీ ఊరికే తలుపు తీస్తే సరిపోదు. "హైదరాబాద్" అన్న మాటలో "ై" గుర్తుని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, హాష్‌కి వేరు వేరు. "ఫలక్‌నుమా" రాయాలంటే క్ తర్వాత కంటికి కనపడని సంకేతం ఒకటి పడాలి. అది లేకపోతే "ఫలక్నుమా" అయి కూర్చుంటుంది. హాష్ చేసే ముందు నార్మలైజ్ చెయ్యకపోతే ఇంట్లో పనిచేసిన పాస్‌వర్డ్ భాయ్ షాపులో పనిచెయ్యకపోవచ్చు. బీక్రిప్ట్ 72 బైట్ల దగ్గర ఆగిపోతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే 24 సంకేతాలకే సరి. ఇవన్నీ చూసుకుని చేస్తే సంతోషం. చెయ్యలేనివాళ్లు కనీసం హెచ్చరికైనా పెట్టండి.

ఈ బాధ మనొక్కళ్లదే కాదు. బయటపడ్డ పాస్‌వర్డ్ జాబితాల్లో "జీ, ఎఫ్, హెచ్, జే, కే, ఎమ్" అనే వింత మాట ఒకటి తరచూ కనపడుతుంది. రష్యన్ భాషలో పాస్‌వర్డ్ అనే మాటని ఇంగ్లీషు లేఅవుట్‌లో కొడితే వచ్చేది అదే. వాళ్లు రెండు లేఅవుట్ల మధ్య బతకడం అలవాటు చేసుకున్నారు, మన దగ్గరేమో ఒకటి పీకెయ్యమంటున్నారు.

తెలుగు ఈ రాష్ట్రంలో అధికార భాష. 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష. చట్టం ప్రకారం నడిచే కంప్యూటర్‌లో మూడు లేఅవుట్లు ఉండితీరాలి. భాయ్ షాపు చట్టం ప్రకారం నడుస్తోంది. నడవనిది మనం రాసిన లాగిన్ పేజీ.

మనం అని ఊరికే అనలేదు. సోమవారం ఆఫీసుకెళ్లి, రెండేళ్ల క్రితం నేను రాసిన లాగిన్ పేజీ తీసి, లేఅవుట్ తెలుగుకి మార్చి పాస్‌వర్డ్ కొట్టాను. మూడుసార్లకి నన్నూ బయటికి గెంటింది! హెచ్చరిక పెట్టడానికి, లెక్క మార్చడానికి, టెస్టులతో కలిపి ఒక పూట పట్టింది. ఒక్క పూట.

మా చెల్లెలి సంగతంటారా? ఆ స్కాలర్‌షిప్ గడువు పొడిగించారు కాబట్టి బతికిపోయింది. ప్రతిసారీ పొడిగిస్తారా?

రేపు ఆఫీసుకెళ్లగానే మీ లాగిన్ పేజీ ఒకసారి తెలుగు లేఅవుట్‌లో తెరిచి చూడండి. అది ఏమంటుందో చూశాక, తప్పెవరిదో మీరే చెప్పండి.