ఇంటి ధర గోడలలోనే లేదు, కాగితంలోనూ ఉన్నది

మంచిర్యాల పాత వీధులలో తిరిగేవారికి ఈ మధ్య ఒక దృశ్యం తరచుగా ఎదురవుతున్నది. గేటుకు కట్టిన చిన్న రేకు పలక, దానిమీద 'ఈ ఇల్లు అమ్మబడును' అన్న మాట, కింద ఫోన్ నంబరు. వేసవిలో కట్టిన పలక వానలకు తడిసి, మరుసటి వేసవికి అక్షరాలు వెలిసిపోయినా అక్కడే వేలాడుతూ ఉంటుంది.

మా మొదటి ఇంటికి అటువంటి పలకను మేమూ 14 నెలలు వేలాడదీశాము. హమాలీవాడ వైపు 120 గజాల స్థలం. జీతంలో మిగిల్చినదానితో ఒక్కొక్క గది చొప్పున కట్టుకున్న ఇల్లు. పిల్లలు ఉద్యోగాల కోసం ఊళ్లు పట్టుకుపోయారు. ఆసుపత్రి ఖర్చు పెరిగింది. పెద్ద వయసులో చిన్న ఇంటికి మారుదామనుకున్నాము. ఇల్లు బాగుంది, నీళ్లున్నాయి, బజారు దగ్గర. రెండు నెలలలో అమ్ముడుపోతుందన్నారు అందరూ. చివరకు మేము మొదట అనుకున్న ధరకు ఐదో వంతు తగ్గించి అమ్ముకున్నాము. అది మా ఒక్కరి నష్టమైతే ఈ పత్రికలో రాయవలసిన పని లేదు. ఆ 14 నెలలలో మా గడప తొక్కి వెనుదిరిగిన ప్రతి కొనుగోలుదారు వెనుక మన సమాజమంతటికీ సంబంధించిన కారణం కనిపించింది. అందుకే రాస్తున్నాము.

బజారు మందగించడం అందరికీ ఒకటే. మంచిర్యాల బొగ్గుబావుల మీద ఆధారపడి పెరిగిన పట్టణం. శ్రీరాంపూర్, నస్పూర్ ప్రాంతాలలో పదవీ విరమణ చేసిన కార్మికుడు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, చేతికొచ్చిన సొమ్ముతో ఇల్లు కొనుక్కోవడం ఇక్కడి ఆనవాయితీ. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు దాదాపు 40 వేలకు దిగింది. కొనగలిగిన చేతులే తగ్గాయి. 2016 అక్టోబరులో జిల్లా ఏర్పడినప్పుడు ధరలు ఒక్కసారిగా లేచాయి. కొత్త కాలనీలు, కొత్త ప్లాట్లు నస్పూర్ వైపు పాకాయి. పాత వీధిలోని పాత ఇంటిని చూసేవారు తగ్గారు. 2022 జూలైలో గోదావరి పొంగి, రాళ్లవాగు వెనక్కి తన్ని, ఎన్టీఆర్ నగర్, రాంనగర్ ప్రాంతాలు మునిగినప్పటి నుండి 'మీ వీధికి నీళ్లు వచ్చాయా' అన్నది కొనేవారు అడిగే మొదటి ప్రశ్న అయింది.

ఇంతవరకు హిందువుకైనా ముస్లింకైనా తేడా లేదు. కాని మందగించిన బజారులో ముస్లిం ఇంటి ముందు మరో మూడు గోడలు లేస్తున్నాయి. వాటిలో ఒకటి ఇతరులు కట్టినది, ఒకటి మన ఆర్థిక స్థితి కట్టినది, మూడోది మన చేతులతో మనమే కట్టుకున్నది.

మొదటి గోడ పేరు. మా ఇల్లు చూడడానికి వస్తానని ఫోన్‌లో ఎంతో ఆసక్తి చూపిన ఒక పెద్దమనిషి చివరన 'మీ పేరు?' అని అడిగారు. చెప్పాము. ఆయన మళ్లీ రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. ఇటువంటి అనుభవం కొనబోయినప్పుడు మరింత కఠినంగా ఉంటుంది. ఫలానా కాలనీలో మీవాళ్లకు ఇవ్వరని దళారి ముందే చెబుతాడు. గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద ప్రకటించిన చోట్ల ఇల్లు చేతులు మారాలంటే కలెక్టర్ అనుమతి కావాలి. ఒక హౌసింగ్ సొసైటీ తన సభ్యత్వాన్ని ఒకే మతంవారికి పరిమితం చేసుకోవచ్చునని మన సుప్రీంకోర్టు 2005లో అహ్మదాబాద్‌కు చెందిన ఒక పార్సీ సొసైటీ కేసులో తీర్పు ఇచ్చింది. అమెరికాలో నల్లజాతివారికి ఇల్లు అమ్మరాదన్న ఒప్పందాలను కోర్టులు అమలు చేయజాలవని అక్కడి సుప్రీంకోర్టు 1948లోనే చెప్పింది. ఇల్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో వివక్షను నిషేధిస్తూ 1968లో చట్టం వచ్చింది. మన దేశంలో ప్రైవేటు ఇళ్ల అమ్మకాలలో, అద్దెలలో మత వివక్షను నిషేధించే అటువంటి కేంద్ర చట్టం లేదు. ఉండాలని అడగడం మన హక్కు, అడుగుతూనే ఉండాలి.

అయితే అద్దంలో మన ముఖం కూడా చూసుకోవాలి. మేము ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు మొహల్లా పెద్దలు కొందరు వచ్చి, 'మనవాళ్లకే ఇవ్వండి, బయటివాళ్లు వస్తే వీధి స్వరూపం మారిపోతుంది' అన్నారు. వారి మాటలో భయం ఉన్నది, ప్రేమ కూడా ఉన్నది. కాని ఆ కాలనీవారు చెప్పే మాట కూడా ఇదే కదా. మన ఫిఖ్‌హ్‌లో షుఫా అని ఒక నియమం ఉన్నది. హనఫీ సంప్రదాయంలో ఇల్లు అమ్మేవాడు మొదట భాగస్తుడికి, ఆపైన పొరుగువాడికి అవకాశం ఇవ్వాలి. పొరుగువాడు అన్నారే గాని పొరుగు ముస్లిం అనలేదు. పొరుగును ఆధారం చేసుకున్న ఆ హక్కు రాజ్యాంగం ముందు నిలవదని సుప్రీంకోర్టు 1962లో చెప్పింది. అయినా దాని నీతి నిలిచే ఉన్నది. పక్కింటి రాములుకు చెప్పకుండా ఇల్లు అమ్మడం మన మర్యాద కాదు. కొనేవారి సంఖ్యను మనమే సగానికి కోసుకుని, ధర సగమయిందని వాపోవడం న్యాయం కాదు.

రెండో గోడ రుణం. మన మొహల్లాలో ఇల్లు కొనాలనుకునేవాడికి చాలాసార్లు జీతపు చీటీ ఉండదు. మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, కుట్టుమిషను, ఆటో అతని జీవనాధారాలు. బ్యాంకు అతన్ని నమ్మదు. నమ్మినా వడ్డీ హరామని వెనుకాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ వెనుకంజను మేము గౌరవిస్తాము. అందుకే మా ఇంటికి వచ్చిన రెండో కొనుగోలుదారు, ఎంతో మంచి మనిషి, మూడేళ్లలో కిస్తీలుగా ఇస్తానన్నాడు. మాకు ఆసుపత్రికి డబ్బు అప్పుడే కావాలి. గడువు మీద అమ్మడం షరీఅత్‌లో చెల్లుతుంది. కాని ఆ గడువును భరించే శక్తి అమ్మేవాడికి ఉండాలి. ఇక్కడ బైతుల్ మాల్ చేయగల పని ఒకటి ఉన్నది, దాని సంగతి చివరన చెబుతాము.

మూడో గోడ కాగితం. మమ్మల్ని ఎక్కువగా సిగ్గుపరచినది ఇదే. మూడో కొనుగోలుదారుకు ఇల్లు నచ్చింది, ధర నచ్చింది, బయానా కూడా ఇచ్చారు. ఆయన బ్యాంకు లింకు దస్తావేజులు అడిగింది. మేము కొన్నది రిజిస్టర్డ్ దస్తావేజుతోనే. కాని మాకు అమ్మినాయనకు ఆ స్థలం తన మేనత్త నోటిమాటగా ఇచ్చిన హిబా. ఆమెకు అంతకుముందు సాదా బైనామా మీద వచ్చింది. బ్యాంకు తల అడ్డంగా ఊపింది. బయానా తిరిగి ఇచ్చేశాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఇతరుల ఫైళ్ల మీద 'ఆధారాలు అసంపూర్ణం' అని రాస్తూ ఉద్యోగకాలమంతా గడిపిన మేము మా ఇంటి ఫైలును ఒక్కసారీ తెరిచి చూడలేదు.

చట్టం ఏమి చెబుతున్నదో తెలుసుకోవాలి. ముస్లిం ఇచ్చే హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇస్తున్నానని చెప్పడం, తీసుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగితే చాలు. 2011లో సుప్రీంకోర్టు దీనినే మరొకసారి స్పష్టం చేసింది. కాని కోర్టులో చెల్లడం వేరు, బజారులో చెల్లడం వేరు. సాక్షులు ఇద్దరూ మరణించాక నోటిమాట హిబాను ఏ కొనుగోలుదారు నమ్ముతాడు? ఇక సాదా బైనామాకు కోర్టులోనూ బలం లేదు. 100 రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావలసిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి. జీపీఏ రాయించుకుంటే ఇల్లు మనదైపోదని కూడా అదే 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రభుత్వం చేపట్టిన సాదా బైనామాల క్రమబద్ధీకరణ వ్యవసాయ భూముల కోసం, పట్టణంలో ఇంటి స్థలానికి అది అక్కరకు రాదు. సర్కారు స్థలంలో ఇళ్లు కట్టుకున్నవారికి 2014 డిసెంబరులో 58, 59 జీవోలు వచ్చాయి. సింగరేణి అప్పగించిన స్థలాలలో ఉన్నవారికి 76 జీవో వచ్చింది. దరఖాస్తు పెట్టి పట్టా పొందినవారు ఉన్నారు. 'మనల్ని ఎవరు లేపుతారులే' అని ఊరుకున్నవారూ ఉన్నారు. బజారు జోరుగా ఉన్నప్పుడు ఈ రెండు ఇళ్లూ అమ్ముడుపోతాయి. బజారు మందగించినప్పుడు మొదటి ఇల్లు ఆలస్యంగానైనా అమ్ముడుపోతుంది, రెండోదాన్ని సగం ధరకు అడుగుతారు.

ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ నమాజు గురించినది కాదు, రోజా గురించినది కాదు. సూరా బఖరాలోని 282వ ఆయత్ అది. గడువు మీద జరిగే లావాదేవీని రాసుకోవాలని, న్యాయంగా రాసేవాడితో రాయించాలని, సాక్షులను పెట్టుకోవాలని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందరాదని అది నేర్పుతుంది. ఆ గ్రంథాన్ని గుండెలకు హత్తుకునే మన ఇళ్లలోనే కాగితాలు ఇంత బలహీనంగా ఉండడం ఎలా సంభవించింది?

ఈ బలహీనత ఎక్కువగా ఎవరి మీద పడుతున్నదో చూడండి. మన ధర్మశాస్త్రంలో ఉమ్మడి కుటుంబపు ఆస్తి అన్నది లేదు. తండ్రి కన్నుమూసిన క్షణంలోనే వాటాలు వారసులవి అవుతాయి. సూరా నిసా వాటిని లెక్కగట్టి చెప్పింది. అయినా ఎన్ని ఇళ్లు ఇరవయ్యేళ్ల కింద పోయిన తండ్రి పేరుమీదనే ఉన్నాయి! తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు మిగిలారనుకుందాం. ఇంటి విలువ 24 లక్షలు. తల్లికి ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. ఒక్కొక్క కొడుకుకు 7 లక్షలు, ఒక్కొక్క కూతురికి మూడున్నర లక్షలు. విరాసత్ రాసుకోనందువల్ల, అక్కచెల్లెళ్ల సంతకాలు చివరి నిమిషంలో వెతుక్కున్నందువల్ల అదే ఇల్లు 18 లక్షలకు పోయిందనుకుందాం. కూతురి వాటా 2,62,500కు దిగింది. తన తప్పు ఏమీ లేకుండానే ఆమె 87,500 రూపాయలు పోగొట్టుకున్నది. అదీ ఆమె వాటా ఆమెకు ఇస్తేనే. 'పెళ్లికి పెట్టాము కదా' అని ఆమె చేత ఉత్త సంతకం చేయించుకునే ఇళ్ల సంగతి అందరికీ తెలిసినదే. చెల్లెలి సంతకం లేకుండా అన్న చేసిన అమ్మకం అన్న వాటా వరకే చెల్లుతుంది. ఈ సంగతి తెలిసిన కొనుగోలుదారు దూరం జరుగుతాడు. చెల్లెలి హక్కును ఎగవేసిన అన్న చివరకు తన ఇంటి ధరనే తగ్గించుకుంటున్నాడు.

'అమ్మే ఆలోచనే లేనప్పుడు కాగితాలెందుకు, ఖర్చెందుకు' అని మిత్రులు అడుగుతుంటారు. ఖర్చు నిజమే. తెలంగాణలో 2021 జూలై నుండి అమ్మకపు దస్తావేజుకు అన్నీ కలిపి ఏడున్నర శాతం కట్టాలి. పేద కుటుంబానికి అది భారమే. కుటుంబంలోని వాటాల నమోదుకు, సాదా బైనామా ఇళ్లకు రాయితీతో ఒక అవకాశం ఇమ్మని మనం ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి. కాని ఇల్లు అమ్మే రోజు మనల్ని అడిగి రాదు. జబ్బు రూపంలోనో, వరద రూపంలోనో, పిల్ల పెళ్లి రూపంలోనో వస్తుంది. ఆ రోజున కాగితం సరిచేసుకునే వ్యవధి ఉండదు. ఆ వ్యవధి లేకపోవడమే మన ధరను కొరుక్కుతింటున్నది.

అందుచేత మేము కోరేది మూడు పనులు. మొదటిది, ప్రతి మొహల్లాలో నెలకొక జుమా తరువాత ఒక గంట కాగితాల కోసం కేటాయించాలి. పదవీ విరమణ చేసిన గుమాస్తాలు, న్యాయవాదులు కూర్చుని ఈసీ తీయించడం, లింకు దస్తావేజులు చూడడం, పన్ను రసీదులో పేరు మార్పించడం నేర్పాలి. మంచిర్యాలలో ఈ పనికి మా వంతు సమయం మేమిస్తాము. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వారిని వెంటబెట్టుకుని వెళ్లాలి. రెండోది, విరాసత్ వాటాలను చెహ్లుం నాటికి కాగితం మీద పెట్టడం కుటుంబ మర్యాదగా మారాలి. భోజనాలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి పెడితే చాలు. మూడోది, బైతుల్ మాల్ ఖర్జె హసనాలో ఒక భాగాన్ని ఇల్లు అమ్మకానికి పెట్టిన కుటుంబాల కోసం ఉంచాలి. ఆరు నెలల ఆసుపత్రి ఖర్చు సర్దితే, ఆ కుటుంబం తొందరపాటు ధరకు తల వంచదు. ఇల్లు అమ్ముడుపోయాక అప్పు తీరుతుంది. మా ఇంటికి వచ్చిన ఆ మంచి మనిషికి కిస్తీల మీద, రాతపూర్వకంగా అమ్మే ధైర్యం మాకూ కలిగి ఉండేది.

బజారును మనం నడపలేము. ఇతరుల మనసులోని గోడ ఒక్కరోజులో కూలదు, దానికోసం పోరాటం సాగుతూనే ఉంటుంది. కాని మన ఇంటి ఇనుప పెట్టెలోని కాగితం మన చేతిలో ఉన్నది. ఈ జుమా నమాజు నుండి తిరిగి వచ్చాక ఆ పెట్టె తెరవండి. ఇల్లు ఎవరి పేరుమీద ఉన్నదో చూడండి. అక్కచెల్లెళ్లను, కోడళ్లను పిలిచి వారి ముందు చదవండి. లేనిదేదో, రాయవలసినదేదో ఒక చీటీ మీద రాసుకోండి. ఆ చీటీతోనే పని మొదలవుతుంది.